ఆదాయ వ్యయ నిష్పత్తి చూపని లెక్క: భద్రాచలం అటవీ సరిహద్దులో మిరప సేద్యం

సస్యశాస్త్ర పరిశోధనా వ్యాసాల చివరి పట్టికలో సాధారణంగా నాలుగు గడులు ఉంటాయి: సాగు వ్యయం, స్థూల ఆదాయం, నికర ఆదాయం, ఆదాయ వ్యయ నిష్పత్తి. దిగుబడి, పోషక గ్రహణం, కలుపు సాంద్రత వంటి పట్టికలపై ఎంతో చర్చ జరిగిన తరువాత ఈ చివరి పట్టిక ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఏ చర్యలో నిష్పత్తి ఎక్కువగా వచ్చిందో ఆ చర్య సిఫార్సు అవుతుంది. ఆ సిఫార్సు కరపత్రమై, శిక్షణ పాఠమై, చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని మిరప రైతు దగ్గరకు చేరేసరికి అతడు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. ఏప్రిల్‌లో అప్పు తీర్చిన తరువాత చేతిలో ఎంత మిగులుతుంది, ఆ మిగులుతో జూలైలో మళ్లీ నారు పోయగలనా అన్నది అతని ప్రశ్న. ఆదాయ వ్యయ నిష్పత్తిలో దీనికి సమాధానం లేదు.

చిన్న దుకాణానికైనా, పెద్ద కంపెనీకైనా పనితీరును అంచనా వేయడానికి మూడు పత్రాలు ఉంటాయి. ఆ కాలంలో ఎంత సంపాదించింది, ఎంత ఖర్చయింది అన్నది లాభనష్టాల ఖాతా చెబుతుంది. ఒక నిర్ణీత తేదీన ఏమి ఉంది, ఎవరికి ఎంత బాకీ అన్నది ఆస్తి అప్పుల పట్టిక చెబుతుంది. డబ్బు ఏ నెలలో వచ్చింది, ఏ నెలలో పోయింది అన్నది నగదు ప్రవాహ నివేదిక చెబుతుంది. విస్తరణ రంగం సేద్యాన్ని వ్యాపారంగా చూడాలని రైతుకు చాలాకాలంగా బోధిస్తోంది. ఆ బోధనలో మొదటి పత్రం సగమే ఉంది, మిగిలిన రెండు అసలే లేవు.

గోదావరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో ఆ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు నదీతీరపు ఒండ్రు నేలల్లో మిరప, కాస్త ఎగువన పత్తి, అడవి అంచున పోడు భూములు. దక్షిణాన దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్. అమ్మకానికి మిరప చేరేది ఎక్కువగా ఖమ్మం మార్కెట్ యార్డుకే. ఏటి ఒడ్డు సేద్యానికి వరద ఒక శాశ్వత భాగస్వామి. 2022 జూలై 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు, 1986 నాటి గరిష్ఠం 75.6 అడుగులు. అలాంటి సంవత్సరంలో నారుమడికి రెండుసార్లు విత్తనం కొనవలసి వస్తుంది. ఆ రెండవ విత్తనపు బిల్లు ఏ పరిశోధనా పట్టికలోనూ కనిపించదు.

వాదన స్పష్టం కావడానికి ఒక ఎకరం కౌలు మిరపను ఊహించుకోవచ్చు. ఇందులోని అంకెలు సర్వే ఫలితాలు కావు, లెక్క పద్ధతిని చూపడానికి ఎంచుకున్నవి మాత్రమే. ఎండుకాయ దిగుబడి 20 క్వింటాళ్లు, సగటు అమ్మకపు ధర క్వింటాలుకు 12,000 రూపాయలు అనుకుంటే స్థూల ఆదాయం 2,40,000. ఖర్చులో విత్తనం, నారు పెంపకం 15,000, ఎరువులు 25,000, సస్యరక్షణ 35,000, దుక్కి 10,000, నాటు, కలుపు కూలీ 20,000, డీజిల్, నీటి తడులు 8,000, కాయ కోత 40,000, ఆరబెట్టడం, బస్తాలు, రవాణా 12,000. మొత్తం 1,65,000. నిష్పత్తి 1.45. చాలా వ్యాసాలలో లెక్క ఇక్కడ ఆగిపోతుంది.

అదే పొలానికి ఇంకొంచెం ముందుకు వెళ్లాలి. పురుగుమందుల దుకాణం నుంచో, కమీషన్ వ్యాపారి నుంచో లక్ష రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది నెలలు తెచ్చుకుంటే వడ్డీ 16,000. ఇంజన్, పైపులు, స్ప్రేయరు తరుగుదల 6,000. దీంతో ఖర్చు 1,87,000. కౌలు 40,000 కలిపితే 2,27,000. నిష్పత్తి 1.06కు దిగింది. మిగులు 13,000 మాత్రమే. భార్యాభర్తలు ఇద్దరూ చెరి అరవై రోజులు పొలంలో పనిచేశారని, రోజుకు 400 చొప్పున లెక్కకడితే కుటుంబ శ్రమ విలువ 48,000. అప్పుడు వ్యయం 2,75,000, నిష్పత్తి 0.87. పొలం, దిగుబడి, ధర ఏవీ మారలేదు. ఖర్చు అన్న మాటకు ఇచ్చిన అర్థం మారినందువల్ల 1.45 కాస్తా 0.87 అయింది.

ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. కేంద్రంలోని వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ ఈ తేడాలను దశాబ్దాలుగా అక్షరాలతో గుర్తిస్తూనే ఉంది. చేతి నుంచి పెట్టిన ఖర్చులు, నిర్వహణ పెట్టుబడిపై వడ్డీ, తరుగుదల కలిస్తే ఎ1. కౌలు కలిస్తే ఎ2. దానికి కుటుంబ శ్రమ విలువ చేరితే ఎ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి అద్దె విలువ, సొంత స్థిర పెట్టుబడిపై వడ్డీ కూడా చేరితే సి2. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ఉత్పత్తి వ్యయంపై యాభై శాతం అదనంగా మద్దతు ధర ఇవ్వాలన్నది. 2018–19 కేంద్ర బడ్జెట్ ప్రకటన తరువాత అమలులోకి వచ్చిన ఒకటిన్నర రెట్లు ఎ2 ప్లస్ ఎఫ్ఎల్‌కు వర్తించేవి, రైతు సంఘాలు కోరుతున్నది సి2పై. దేశవ్యాప్త వివాదమంతా ఏ వ్యయం అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుండగా, విశ్వవిద్యాలయ పట్టికలలో ‘సాగు వ్యయం’ అని మాత్రమే రాసి ఊరుకోవడం సమర్థనీయం కాదు. పట్టిక శీర్షికలో ఎ1 అనో, ఎ2 అనో, సి2 అనో రాయడానికి పట్టేది ఒక్క పదం చోటు.

ఏజెన్సీ ప్రాంతంలో కౌలు గడి ఖాళీగా ఉండటానికి మరొక కారణం ఉంది. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, అంటే జనం నోట 1/70 చట్టం, గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించింది. బదలాయింపు నిర్వచనంలో కౌలు కూడా ఉంది. కౌలు నోటిమాట మీద నడిచిన చోట దానికి కాగితం ఉండదు. సర్వేకు వెళ్లిన విద్యార్థి అడిగితే ‘సొంత భూమే’ అన్న జవాబు వస్తుంది, ఎ2 లెక్క ఎ1 దగ్గరే నిలిచిపోతుంది. చట్ట ఉల్లంఘనను నమోదు చేయడం విస్తరణ శాస్త్రవేత్త పని కాదు. అయితే కౌలు లేదన్న ఊహ మీద సిఫార్సు తయారుచేయడం కూడా అతని పని కాదు. రెండు రకాల లెక్క, కౌలుతో ఒకటి, కౌలు లేకుండా ఒకటి, ఇస్తే ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నిజం బయటపడుతుంది. పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడుతుందే తప్ప కౌలుదారుకు చేరదన్న సంగతిని కూడా ఆ రెండవ లెక్కలో గుర్తుంచుకోవాలి.

వ్యయం తరువాత ధర. ఖమ్మం యార్డులో ప్రతి ఉదయం జెండా పాట జరుగుతుంది. ఆ రోజు అత్యుత్తమ సరుకుకు పలికిన ధర అది. మర్నాడు పత్రికలలో వచ్చేదీ, పరిశోధనా పట్టికలలో ‘మార్కెట్ ధర’గా తరచు దిగేదీ అదే. కాని బస్తాలన్నీ జెండా ధరకు పోవు. తేమ, రంగు, తొడిమ చూసి కోత పడుతుంది. తాలు కాయ వేరే ధర. ఆపైన కమీషను, హమాలీ, తూకం ఖర్చులు. రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో ఇవన్నీ ఉంటాయి. ఒక రైతు ఒక సీజనులో అమ్మిన సరుకుకు తక్‌పట్టీలన్నీ కూడి, వచ్చిన నికర మొత్తాన్ని తూకంతో భాగిస్తే వచ్చేదే అతని ధర. పది మంది రైతుల తక్‌పట్టీలు సేకరించడం ఒక స్నాతకోత్తర విద్యార్థికి రెండు రోజుల పని. ఆ పని చేయకుండా జెండా ధరతో దిగుబడిని గుణించి స్థూల ఆదాయం రాస్తే, మిగతా పట్టికంతా ఎంత సూక్ష్మంగా ఉన్నా ప్రయోజనం లేదు.

కోత కూలీ లెక్కలో కూడా ఇలాంటి చిక్కు ఒకటి ఉంది. కాయ కోతకు సరిహద్దు అవతలి బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు వస్తాయి. కొందరు కూలీని డబ్బుగా కాక ఎండు మిరపకాయగా తీసుకుంటారు. అలా ఇచ్చిన కాయ ఖమ్మం చేరదు, తక్‌పట్టీలో ఉండదు. దానిని ఆదాయంలోనూ చూపాలి, అదే విలువతో ఖర్చులోనూ చూపాలి. చూపకపోతే దిగుబడి తక్కువగానూ, కూలీ చవకగానూ కనిపించి రెండు తప్పులు పక్కపక్కనే కూర్చుంటాయి.

ఇక నగదు ప్రవాహం. ఈ వ్యాసపు అసలు పట్టు ఇక్కడే ఉంది. పై ఉదాహరణలోని పొలానికి తొలి కోత మొదలయ్యే నాటికి కోత, రవాణా మినహా మిగిలిన ఖర్చులు 1,13,000, ముందే చెల్లించిన కౌలు 40,000, మొత్తం 1,53,000 బయటికి పోయాయి. అప్పు లక్ష, సొంత సొమ్ము 53,000. జనవరి వచ్చేసరికి చేతిలో పైసా లేదు. కాయ ఎర్రబడింది, కోయించడానికి, ఆరబెట్టడానికి, బండి కట్టడానికి ఇంకా 52,000 కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? తొలి కోత అమ్మిన డబ్బు నుంచే. కనుక తొలి కోత కళ్లంలో ఆరీ ఆరకముందే యార్డుకు బయలుదేరుతుంది. అందరూ అదే పరిస్థితిలో ఉన్నందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు ఎర్రటి గుట్టలతో నిండిపోతుంది. ‘ధర వచ్చేదాకా శీతల గిడ్డంగిలో నిల్వ ఉంచండి’ అన్న సలహా సాంకేతికంగా సరైనదే. ఖమ్మంలో గిడ్డంగులూ ఉన్నాయి. కాని ఆ సలహా జనవరిలో చేతిలో 52,000 ఉన్న రైతుకే పనికివస్తుంది. నిల్వ నిర్ణయం గిడ్డంగి అద్దె మీద కంటే అప్పు గడువు మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నగదు ప్రవాహ నివేదిక ఒక్క చూపులో చెబుతుంది.

ఏప్రిల్‌లో అమ్మకాలు పూర్తయ్యాక ఆ రైతు చేతిలో ఏముంటుంది? వచ్చిన 2,40,000లో కోత, రవాణా 52,000, అప్పు లక్ష, వడ్డీ 16,000 పోగా 72,000. ఇంత మొత్తం ఒక్కసారిగా కళ్లజూసిన కుటుంబం దానిని లాభం అనుకోవడం సహజం. పెళ్లి, ఇల్లు, ఆసుపత్రి వంటి ఖర్చులు అప్పటిదాకా ఆగినవి అప్పుడే ముందుకు వస్తాయి. అందులో 53,000 జూలైలో మళ్లీ నేలకు వెళ్లవలసిన సొంత పెట్టుబడి. అది తీస్తే 19,000. ఇంజన్, పైపుల మార్పిడికి 6,000 పక్కన పెడితే 13,000. లాభనష్టాల ఖాతా ఇందాక చెప్పిన అంకె ఇదే. మూడు పత్రాలు ఒకే చోటికి వచ్చి కలిశాయి. 72,000 ఎలా 13,000 అవుతుందో కాగితం మీద ఒక్కసారి చూపిన రైతుకు, మరుసటి ఏటి అప్పు ఎంత తగ్గించవచ్చో ఎవరూ చెప్పనక్కరలేదు.

ధర పడిపోయిన ఏడాది ఈ లెక్క ఎలా ఉంటుందో ఖమ్మానికి బాగా తెలుసు. 2016లో మిరపకు మంచి ధర ఉంది, పత్తి తగ్గించాలన్న ప్రచారమూ నడిచింది, విస్తీర్ణం విపరీతంగా పెరిగింది. 2017 వేసవిలో యార్డు నిండింది, ధర కూలిపోయింది. ఏప్రిల్ 28న ఆగ్రహించిన రైతులు ఖమ్మం మార్కెట్ కార్యాలయంపై విరుచుకుపడ్డారు. అరెస్టయిన రైతులను మే నెలలో సంకెళ్లతో కోర్టుకు తీసుకువచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. మే మొదటి వారంలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల ధరను ప్రకటించి, తెలంగాణకు 33,700 టన్నుల పరిమితి విధించింది.

ఉదాహరణలోని పొలానికే 5,000 ధర వేసి చూస్తే స్థూల ఆదాయం లక్ష. ఇక్కడ రెండు ప్రశ్నలను కలపకూడదు. కోయాలా, వద్దా అన్నది మొదటిది. కోత నుంచి యార్డు దాకా క్వింటాలుకు అయ్యే ఖర్చు 2,600, వచ్చేది 5,000, కనుక కోయాలి. అప్పటికే పెట్టిన ఖర్చు ఆ నిర్ణయంలోకి రాకూడదు. ధర 2,600 కంటే దిగితే చెట్టు మీదే వదిలేయడం నష్టం తగ్గించుకునే మార్గం. ‘ఇంత పెట్టి వదిలేస్తామా’ అన్న మాట మనిషిగా అర్థమయ్యేదే అయినా లెక్కగా తప్పు. వ్యాపారం నిలబడిందా అన్నది రెండవ ప్రశ్న. కోత, రవాణా పోగా మిగిలింది 48,000. తీర్చవలసింది 1,16,000. ఇంకా 68,000 బాకీ మిగిలింది, సొంత 53,000 పోయింది. ఆ 68,000 అదే వడ్డీకి ఏడాది నిలిస్తే మరో 16,320 చేరుతుంది. ఒక్క ఏడాది నష్టం తరువాతి ఏడాది సాగు వ్యయంలోకి వడ్డీ రూపంలో ప్రవేశించడమంటే ఇది. ఒకే సీజనుకు వేసిన నిష్పత్తిలో ఇది ఎన్నటికీ కనిపించదు.

మిరప మద్దతు ధరల జాబితాలో లేదు. జోక్య పథకం కూడా అప్పుడప్పుడూ, ఒక్కో రాష్ట్రానికి విడిగా వచ్చేదే. 2024–25 పంటకు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధరను ప్రకటించింది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆ ప్రకటన పరిధిలోకి వచ్చాయి. చర్ల, దుమ్ముగూడెం రాలేదు. అదే ఏరు, అదే ఒండ్రు, అదే తేజ రకం. రాష్ట్ర సరిహద్దు రైతు ఆదాయ పట్టికలో ఒక వరుసగా మారిన సందర్భం ఇది.

ధరతోపాటు చీడపీడల ప్రమాదం ఉంది. 2021–22లో నల్ల తామర పురుగు మిరపను ముంచెత్తినప్పుడు పిచికారీల సంఖ్య ఎంత పెరిగిందో క్షేత్రస్థాయి సిబ్బందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది కాయ తక్కువ కావడంతో ధర పెరిగింది. పంట పోయిన రైతుకు ఆ ధర వల్ల ఒరిగింది లేదు. అయిదేళ్ల సగటు దిగుబడిని అయిదేళ్ల సగటు ధరతో గుణించి ‘సగటు ఆదాయం’ వేసే అలవాటు ఈ సంగతిని పూర్తిగా కప్పేస్తుంది. ధర ఎక్కువైన ఏడాది దిగుబడి తక్కువ, దిగుబడి ఎక్కువైన ఏడాది ధర తక్కువ అయినప్పుడు సగటుల లబ్ధం నిజ ఆదాయం కంటే ఎక్కువ చూపుతుంది.

ఆస్తి అప్పుల పట్టిక గిరిజన కుటుంబం విషయంలో విచిత్రంగా ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసత్వంగా సంక్రమిస్తుంది, అమ్మడానికి, బదలాయించడానికి వీలులేదు. 2023 జూన్‌లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పట్టాలు పంపిణీ అయ్యాయి, వాటిలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటా పెద్దది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆ నిబంధన కాపాడుతుంది, అది అవసరమే. ఖాతా దృష్టితో చూస్తే మాత్రం కుటుంబపు అతి పెద్ద ఆస్తి అప్పుకు తాకట్టుగా పనిచేయదు. కనుక నష్టం వచ్చిన ఏడాది అమ్ముడయ్యేవి ఎడ్లు, మేకలు. లాభనష్టాల ఖాతాలో ఎడ్ల అమ్మకం ఆదాయంగా పడి ఆ ఏడాది బాగున్నట్టు కనిపిస్తుంది. మరుసటి ఏడాది దుక్కికి ట్రాక్టరు అద్దె పెరిగినప్పుడుగాని అసలు సంగతి తెలియదు. ఏటా మార్చి 31న, లేదా ఉగాది నాడు, ఇంట్లో ఎన్ని ఎడ్లు, ఎన్ని మేకలు, ఎంత ధాన్యం, ఎవరికి ఎంత బాకీ అని ఒక పేజీలో రాసుకుంటే రెండేళ్లలో దారి ఎటు పోతోందో తెలుస్తుంది. సస్యశాస్త్రం ఆ పేజీలో చేర్చదగిన అంశం మరొకటి ఉంది. వాలు భూముల్లో ఏటేటా పత్తి వేసి కోతకు గురైన పైమన్ను కూడా తరిగిన ఆస్తే. నేల సేంద్రియ కర్బనం పరీక్ష ఫలితాన్ని రూపాయల్లోకి మార్చనక్కరలేదు, ఎడ్ల లెక్క పక్కనే రాసి ఉంచితే చాలు.

పరిశోధనా పట్టికల విషయంలో ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రెండు ఎరువుల మోతాదులను పోల్చడానికి ఇంత ఖాతా ఎందుకన్నది ఆ అభ్యంతరం. నిజమే, అక్కరలేదు. మారిన ఖర్చు, మారిన ఆదాయం మాత్రమే చూసే పాక్షిక బడ్జెట్ అక్కడ సరిపోతుంది. కాని అక్కడ కూడా నిష్పత్తి సరైన కొలబద్ద కాదు. తక్కువ ఖర్చు చర్యకు నిష్పత్తి ఎక్కువగా ఉండి, ఎకరానికి మిగులు తక్కువగా ఉండవచ్చు. అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా సంస్థ 1988లో ప్రచురించిన మార్గదర్శిని, అదనంగా పెట్టిన ప్రతి రూపాయికి అదనంగా ఎంత వచ్చిందో లెక్కించమని చెప్పింది. రైతు కొత్త పద్ధతికి మారాలంటే ఆ రాబడి కనీసం 50 నుంచి 100 శాతం ఉండాలన్నది. ప్రయోగ మడుల దిగుబడిని రైతు పరిస్థితికి తగ్గట్టు కొంత తగ్గించి లెక్క వేయాలనీ చెప్పింది. ఈ చివరి జాగ్రత్తను పాటించే పట్టికలు అరుదు. మొదటి శ్రేణి ప్రదర్శనల్లో మరో లోపం చేరుతుంది. అక్కడ కీలకమైన ఉత్పాదకాలు ఉచితంగా ఇస్తారు, శాస్త్రవేత్త పర్యవేక్షణా ఉచితమే. వాటిని కొనవలసి వచ్చినప్పటి ధర వేయకుండా ఇచ్చిన నిష్పత్తిని పక్క రైతు నమ్మి దిగితే బాధ్యత ఎవరిది?

ఆయిల్‌పామ్ దగ్గర ఇదే సమస్య తలకిందులుగా ఉంటుంది. నాటిన తరువాత దాదాపు నాలుగేళ్లు రాబడి లేదు, ఆపైన రెండు దశాబ్దాలకు మించి గెలలు వస్తాయి. వార్షిక లాభనష్టాల ఖాతా తొలి నాలుగేళ్లు నష్టాన్ని, తరువాత అతి లాభాన్ని చూపుతుంది. రెండూ నిజం కావు. తొలి ఏళ్ల ఖర్చును తోట అనే ఆస్తిగా రాసి, కాపు ఉన్న ఏళ్లకు తరుగుదలగా పంచాలి. 2021 ఆగస్టులో ఆమోదం పొందిన జాతీయ వంటనూనెల మిషన్ (ఆయిల్‌పామ్) 11,040 కోట్ల రూపాయలతో మొదలైంది. తోటలు పెరిగాయి. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిలిపివేసిన రోజుల్లో గెలల ధర శిఖరానికి వెళ్లి, తరువాత బాగా దిగింది. శిఖరపు ధరతో వేసిన ‘ఎకరాకు ఇంత’ అన్న అంకె ఇప్పటికీ గ్రామాల్లో తిరుగుతూనే ఉంది.

స్వయం సహాయక సంఘాలు, వన్‌ధన్ కేంద్రాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థల పరిస్థితి వేరు. చట్టం ప్రకారం కంపెనీగా నమోదైనవి ఖాతాలు సమర్పించక తప్పదు. పత్రాలు ఉంటాయి, చదివేవారు ఉండరు. వాటిని చూసేటప్పుడు మొదట వెతకవలసింది ఒక్కటే: గ్రాంటు తీసేస్తే ఏమి మిగులుతుంది? 2020లో మొదలైన పది వేల సంస్థల పథకం ఒక్కో సంస్థకు మూడేళ్ల నిర్వహణకు 18 లక్షల వరకు ఇస్తుంది. నాలుగవ ఏడు కార్యదర్శి జీతం ఎక్కడి నుంచి వస్తుందో రెండవ ఏటి ఖాతాలోనే కనిపిస్తుంది. సబ్సిడీపై వచ్చిన యంత్రానికి తరుగుదల రాయకుండా ఇప్పపువ్వు లడ్డూకో, చిరుధాన్యాల బిస్కట్టుకో ధర నిర్ణయిస్తే, ఆ యంత్రం అరిగిన రోజున కొత్తది కొనడానికి సొమ్ము ఉండదు.

రైతు లెక్కలు రాయడు, కనుక ఇదంతా సాధ్యం కాదన్నది తరచు వినిపించే మాట. సరిహద్దు గ్రామాలలో లెక్క రాసే చేతులు ఇప్పటికే ఉన్నాయి. పొదుపు సంఘాల పుస్తకాలు నెలనెలా రాసే గ్రామ సంఘ సహాయకులు, అదే ఊరి మహిళలు, అసలు, వడ్డీ, బాకీ అన్న మాటలకు కొత్తవారు కారు. వారికి మూడు పేజీల పుస్తకం ఒకటి తయారుచేసి ఇవ్వడం కృషి విజ్ఞాన కేంద్రానికి పెద్ద పని కాదు. నెలవారీ రాకపోకలకు ఒక పేజీ, తక్‌పట్టీలు అంటించడానికి ఒకటి, ఏడాది చివర ఉన్నవీ, బాకీలూ రాయడానికి ఒకటి. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో గడిపే నెలలు మిరప సీజనులోనే పడతాయి. ఒక్కో విద్యార్థికి రెండు కుటుంబాలు అప్పగించినా ఒక ఏడాదిలో ఆ ప్రాంతానికి సొంత వ్యయ వివరాలు తయారవుతాయి. సహాయకురాలికి ఆ అదనపు పనికి ఇచ్చే పారితోషికం ఏ పద్దు కింద రాయాలన్నది ముందే తేల్చుకోవాలి. పుస్తకంలో మొదటి నమోదు జూలైలో, నారుమడి విత్తనపు బిల్లుతో మొదలు కావాలి. జనవరిలో తెరిస్తే అప్పటికి 1,53,000 జ్ఞాపకం మీద ఆధారపడిన అంకె అయిపోయి ఉంటుంది.